రావుగారి బొటనవేలు

బాన్సువాడలో గుర్రం పెళ్ళి బారాత్‌లో తప్ప కనబడదు. అయినా మా ఊళ్ళో గుర్రాల గురించి మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. ఆ జబ్బు అంటించింది జగన్మోహనరావుగారు. వాళ్ళ నాన్న కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలవ కింద పొలం కొనుక్కుని ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. వరి బాగానే పండిస్తారు గానీ ఆయనకు పేరొచ్చింది వరితో కాదు, ఫోన్‌తో.

పొద్దున్నే నా ఎరువుల దుకాణం ముందు బెంచీ మీద కూచుని హైదరాబాద్ మలక్‌పేట గుర్రప్పందేల వీడియోలు పెడతారు. అన్నీ అయిపోయిన రేసులే. అయిపోయిన పెళ్ళికి మేళమెందుకని నేను వెక్కిరిస్తే ఆయన బొటనవేలుతో గెలిచిన గుర్రాన్ని మూసేసేవారు. అది పరిగెత్తినంతసేపూ వేలు కూడా దానితోనే జరిగేది.

"గెలిచినదాన్ని చూడ్డానికి లోకమంతా ఉందయ్యా. దాని మీద కాస్తే ఏం మిగులుద్ది? ఓడినవాటిల్లో దమ్మున్నదేదో పట్టుకోవాలి" అనేవారు.

ముందు దారి దొరక్క ఇరుక్కున్నదేది, మలుపులో బయటవైపు తిరిగి వెనకబడ్డదేది, అవి చూసేవారు. అలాంటి గుర్రం మళ్ళీ దిగినప్పుడు దాన్నెవడూ పట్టించుకోడు, కాబట్టి భావ్, అంటే గెలిస్తే రూపాయికి ఎంతిస్తారన్న లెక్క, ఎక్కువ పలుకుతుంది. ఆయన చెప్పినవి అన్నీ గెలిచాయని అబద్ధమాడను. కానీ మద్నూర్ లారీ ఓనర్లు కూడా బండి ఆపి "రావు సార్, ఈసారి ఏది?" అని అడిగేవారు. ఆయన చాయ్ ఊదుకుంటూ "చూద్దాం" అనేవారు. ఆ ఒక్క మాట అనడం కోసమే ఆయన బతుకుతున్నారని నాకు అనిపించేది.

ఆ తర్వాత ఆశన్న వచ్చాడు. తాతల నాటి నుంచి ఇక్కడి చెరుకు రైతు. గొంతు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. రావుగారి పక్కన కూచుని వేలు పెట్టడం నేర్చుకున్నాడు. ఒక్క సీజన్ తిరిగేసరికి అతను పట్టిన గుర్రాలే ముందు రావడం మొదలైంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? లారీ ఓనర్లు ఇప్పుడు "ఆశన్నా, ఏది?" అంటున్నారు. రావుగారి చాయ్ చేతిలోనే చల్లారిపోతోంది. ఆయనకు కడుపు మండిపోయింది. దాచుకోవడం కూడా చేతకాదు ఆయనకి. ఆశన్న బెంచీ మీద కూచుంటే చాలు, ఈయన లేచి నా దుకాణంలో యూరియా బస్తాలు సర్దేవారు.

ఒకరోజు ఆశన్న ఆయన్ని బస్తాల దగ్గరికే వచ్చి పట్టుకున్నాడు.

"రావు సార్, గిది జూడుండ్రి. మార్నింగ్ రాగ."

"చూశానయ్యా. అయిదోదిగా వచ్చింది. దాంట్లో ఏమీ లేదు."

"మీరు గీత కాడ ఆపేస్తుండ్రు సార్. ఆపకుండ్రి, పోనియ్యుండ్రి. జాకీలందరు లగాం గుంజిన్రు. గిది ఆగుతలేదు. ఎట్ల ఉరుకుతున్నదో జూడుండ్రి, అన్నిటిని దాటిపాయె. దమ్మంత లోపల్నే ఉన్నది."

నిజమే. రేసు ముగిసే గీత దాటగానే రావుగారు వీడియో ఆపేస్తారు. ఇన్నేళ్ళూ అంతే. గీత దాటాక ఇంకేముంటుందని ఆయన లెక్క.

"మీరే నేర్పిండ్రు గద సార్. మీకు జూపియ్యకుంటే మనసొప్పలే" అన్నాడు ఆశన్న.

 రావుగారి మొహంలో గుర్రం దొరికిందన్న సంతోషం ఇసుమంతైనా లేదు. అది తనకెందుకు దొరకలేదన్న ఏడుపే.

కలిసి మలక్‌పేట పందేలకు వెళ్ళే మా గుంపుకు ఒక కట్టుబాటుంది. గుర్రాన్ని కనిపెట్టినవాడు తన పందెం కాసేదాకా ఇంకెవరూ దాని పేరెత్తకూడదు. పేరు పొక్కితే అందరూ ఎగబడతారు, భావ్ పడిపోతుంది. ఆ నియమం పెట్టింది కూడా రావుగారే.

మార్నింగ్ రాగ మళ్ళీ దిగే ఆదివారం మేమంతా హైదరాబాద్ బస్సెక్కాం. కామారెడ్డి దాటాక రావుగారు నా చెవిలో "మార్నింగ్ రాగ. నీ ఒక్కడికే చెబుతున్నా" అన్నారు. తూప్రాన్ దగ్గర చాయ్ తాగుతుంటే తెలిసింది, మద్నూర్ వాళ్ళతో సహా ప్రతివాడూ ఆ 'ఒక్కడే'నని. పేరు పొక్కిందని ఆశన్నకు మాత్రం తెలియదు.

ఆశన్నకు గుర్రాన్ని కళ్ళారా చూసిగానీ కాసే అలవాటు లేదు. అతను రేసుకు ముందు వాటిని తిప్పి చూపించే చోట నిలబడి ఉంటే మావాళ్ళు బుకీల మీద పడ్డారు. ఆ హడావిడి చూసి ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఎగబడ్డారు. నేనేమీ ధర్మరాజును కాను, నేనూ కాశాను. ఆశన్న వచ్చేసరికి రూపాయికి పది ఉన్న భావ్ రెండుకు దిగింది. బోర్డు ముందు అతను నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. రావుగారు దూరం నుంచి అది చూసి, ఎన్నో నెలల తర్వాత హాయిగా చాయ్ తాగారు.

ఆయన మాత్రం మార్నింగ్ రాగ మీద కాయలేదు. దాని మీద కాస్తే ఆశన్నను గురువుగా ఒప్పుకున్నట్టే గదా! ఆశన్న చూపించిన ఆ పాత రేసులో గెలిచిన గుర్రం మీద కాశారు. ఇన్నేళ్ళూ వేలుతో మూస్తూ వచ్చిన రకం మీద! చీటీ నాకు కనిపించకుండా జేబులో దాచుకున్నారు గానీ, ఆయన కాసినప్పుడు నేను వెనకే ఉన్నాను.

మార్నింగ్ రాగ గెలిచింది. రావుగారి గుర్రం ఎక్కడుందో వెతుక్కోవాలి.

భావ్ తగ్గినా అందరికీ ఎంతో కొంత వచ్చింది. ఇంతకుముందు ఎవరి గుర్రం గెలిచినా మంచి భావ్ వాడొక్కడికే దక్కేది. ఇప్పుడు గుంపంతా గెలిచింది. ఆశన్నను భుజాల మీదికెత్తారు. తిరుగు బస్సులో డ్రైవర్ వెనక సీటు ఎప్పుడూ రావుగారిది. అందులో ఆశన్నను కూచోబెట్టారు. రావుగారు వెనక నా పక్కన ఒదిగి కూచున్నారు.

పేరు చెప్పింది రావుగారేనని మావాళ్ళ నోట విని ఆశన్న లేచి నిలబడి బస్సంతా వినబడేలా అరిచాడు. "నేను చెప్పలేదురా బయ్! గీ రావు సార్ చెప్పిండు మీ అందరికి. నాకొక్కనికే వస్తే నేనొక్కన్నే తింటుంటి. సార్‌ది పెద్ద మనసు!"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే రావుగారు బతికిపోయేవారు. అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు.

"సార్, మీకెంత వచ్చింది?" అని ఎవరో అడిగారు.

"బాగానే వచ్చిందయ్యా" అన్నారు రావుగారు, జేబు మీద చెయ్యి వేసుకుని.

నేను నా నోట్లు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.

చీకటి పడుతుండగా ఆయన ఫోన్ తీశారు. ఆనాటి రేసు వీడియో అప్పుడే వచ్చింది. అలవాటుగా బొటనవేలు గెలిచిన గుర్రం మీద పెట్టారు. ఈసారి వీడియో గీత దగ్గర ఆపలేదు. గుర్రాలన్నీ గీత దాటి, నెమ్మదించి, నడకలోకి వచ్చాయి. మార్నింగ్ రాగ మీద నుంచి ఆయన వేలు మాత్రం తియ్యలేదు.