ఫ్రిజ్‌లో పెట్టకూడని విత్తనం

పుట్టగొడుగుల్లో కొత్త రకం తయారుచేస్తానంటే, మంగళగిరిలో మగ్గాల మధ్య పెరిగినదానివి నీకెందుకే ఆ పని అన్నారు మావాళ్ళు. నాకు ఎవరైనా వద్దన్న పనే ముద్దు. పటమటలో మా డాబా మీది గదిలో నాలుగేళ్ళు అదే పట్టుకుని కూర్చున్నాను.

పామర్రులో ఒక రైతు ఇల్లాలు ఉన్నారు. వరిగడ్డి మీద పుట్టగొడుగులు పెంచుతారు. ఒకసారి వాళ్ళ గడ్డివామి అడుగున దానంతటది మొలిచిన లావుపాటి పుట్టగొడుగును తెచ్చి నా చేతిలో పెట్టారు. దాని గొడుగును తెల్లకాగితం మీద బోర్లిస్తే మర్నాటికి లేత గులాబీ రంగు పొడి రాలింది. ఆ పొడిలో ఒక్కో రేణువూ ఒక్కో విత్తనం. వాటిని విడదీసి, గాజు ట్యూబుల్లో మొలిపించి, ఒక్కోదానితో చిన్న గడ్డి బెడ్డు వేసి, ఏది ఎక్కువ కాస్తుందో చూడడమే నా పని. చాలావరకు వట్టిపోయాయి. కొన్నిటికి బూజు పట్టింది. చివరికి ఒక్కటి నిలబడింది. దాని బెడ్డు మీద గుత్తులు గుత్తులుగా కాసిన రోజు మా వీధిలో అందరికీ చెప్పుకున్నాను, అడగనివాళ్ళకి కూడా.

ఆ రకం ట్యూబులు మూడు నా దగ్గర ఉంచుకుని, తయారైన విత్తనమంతా పామర్రు పంపాను, ఆవిడ పాకలో ఎలా కాస్తుందో చూద్దామని. ఈలోగా శ్రావణమాసం వచ్చింది. కోతకొచ్చే వేళకి ఫోన్ చేస్తే ఆవిడ తాపీగా, "శ్రావణం కదండీ, పుట్టగొడుగూ మాకు నీచే, ముట్టుకోవట్లేదు. నెల వెళ్ళాక చూద్దాం" అన్నారు. పుట్టగొడుగు నెల్లాళ్ళు ఆగుతుందా? రెండు రోజులు దాటితే విచ్చుకుని కుళ్ళిపోతుంది. ఎంత కాసిందో తూకం వేయకపోతే నా రకం గొప్ప ఎవరికి చూపించను? నోటికొచ్చినట్టు అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఆ చిరాకుతోనే శ్రావణ శుక్రవారం పేరంటమని పుట్టింటికి బయల్దేరాను. గుమ్మంలో చెప్పులేసుకుంటూ మా అత్తగారికి చెప్పాను. "గదిలో ఏసీ మొరాయిస్తోంది. ఆగిపోతే ట్యూబులన్నీ ఫ్రిజ్‌లో పెట్టేయండి అత్తయ్యగారూ."

నా ఉద్దేశం ఏసీ కింద ఉండే ట్యూబులు, నేను పెంచే మరో రకం, ముత్యపుచిప్ప పుట్టగొడుగులవి. అవి చలికి ఓర్చుకుంటాయి. నేను తయారుచేసిన వరిగడ్డి రకానికి చలి పడదు, ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతుంది. అందుకే ఆ మూడింటినీ కిటికీ గూట్లో ఉంచేదాన్ని. ఆ సంగతి లోకమంతటికీ తెలుసన్నట్టు నేను విడిగా చెప్పలేదు.

నేను వెళ్ళిన రోజే ఏసీ ఆగింది. నాలుగు రోజులకి తిరిగొచ్చి ఫ్రిజ్ తీస్తే, పెరుగు గిన్నె వెనక, గూట్లో ఉండాల్సిన మూడింటితో సహా ట్యూబులన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేను అరిచిన అరుపుకి కింది వాటావాళ్ళు బయటికొచ్చి చూశారు.

"నువ్వేగా అమ్మాయ్ అన్నీ పెట్టమన్నావు," అన్నారు మా అత్తగారు. చిన్నగానే అన్నారు. శ్రావణమాసంలో, అవి పుట్టగొడుగులని తెలిసి కూడా, నా కోసం ఒక్కోటీ తన చేత్తో తెచ్చి పెట్టారావిడ. ఇప్పుడు ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం ముఖం తిప్పుకుని గదిలోకి పోయాను.

అన్నిటినీ కొత్త ట్యూబుల్లోకి మార్చి చూశాను. ముత్యపుచిప్పవి రెండు రోజుల్లో తెల్లగా పాకాయి. వరిగడ్డి రకం ఒక్కటీ కదల్లేదు. మూడో రోజూ అంతే. నాకు అన్నం సయించలేదు. ఇక మిగిలిన దారి ఒకటే. పామర్రు బెడ్డు మీద బతికున్న మొగ్గ ఒక్కటి దొరికితే, దాని లోపలి ముక్క నుంచి అదే రకాన్ని మళ్ళీ లేపొచ్చు. కానీ ఆవిడ మామూలుగా ఒక్క కోత అవగానే బెడ్డు పీకి పెంటకుప్పలో వేసే మనిషి. పైగా మా మధ్య మాటల్లేవు. ఫోన్ చేసే ముఖం లేక బస్సెక్కాను.

పాకలో అడుగుపెట్టగానే కుళ్ళు వాసన. బెడ్డు మీద పుట్టగొడుగులన్నీ విచ్చుకుని, నల్లబడి, నీరుకారిపోతున్నాయి.

"మీరన్నట్టే అయిందండీ, అన్నీ పోయినయ్," అన్నారావిడ గుమ్మంలోనే నిలబడి. "పీకి పారేద్దామంటే ఈ నెల ముట్టుకోకూడదాయె. నీళ్ళు మాత్రం రోజూ చల్లుతున్నానండీ. నీచే అనుకోండి, అయినా ప్రాణమున్నదే కదా, ఎండగట్టటానికి మనసొప్పలా. అదుగో, ఆ గోడవైపు చూడండి, మళ్ళీ ఏవో వస్తన్నయ్."

గోడవైపు గడ్డి సందులో కోడిగుడ్డంత మొగ్గలు నాలుగున్నాయి. ఎప్పటిలా ఆవిడ కోత కోసుంటే ఆ బెడ్డు ఎప్పుడో పెంటకుప్పలో ఉండేది. ఏ పట్టింపు చూసి ఆవిడను తిట్టిపోశానో, దాని పుణ్యమా అని నా రకం బతికింది. ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

"అయ్యో, ఏడుస్తారేందండీ! కోసుకెళ్ళండి. నేను మాత్రం ముట్టుకోను," అన్నారు.

సాయంత్రానికి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, బూజు చేరకుండా దీపం సెగ దగ్గర మొగ్గలు చీల్చి, లోపలి ముక్కలను మూడు ట్యూబుల్లో వేసి కిటికీ గూట్లో పెట్టాను. రెండు రోజులు ఆ కిటికీ వైపు వెళ్ళడానికే భయపడ్డాను. మూడో రోజు పొద్దున్నే మా అత్తగారు పిలిచారు.

"అమ్మాయ్, ఇట్రా. దూది లాగా ఏదో పాకింది. మంచిదేనా, బూజా?"

పరుగెత్తుకెళ్ళి చూశాను. మంచిదే. ముక్క చుట్టూ సన్నటి తెల్లటి పోగులు, మూడు ట్యూబుల్లోనూ. అమ్మయ్య అనుకుంటూ అక్కడే నేల మీద చతికిలబడ్డాను.

"తప్పు నాదేనండీ అత్తయ్యగారూ," అన్నాను.

"ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసులే," అన్నారావిడ. "దిబ్బరొట్టె వేశాను. ఇవాళైనా కడుపునిండా తింటావా, లేదా?"

రెండో ముక్క కూడా అడిగి పెట్టించుకున్నాను.