అత్తమ్మ గిచ్చిన కాలు

దయ్యాలను నమ్మేంత ఓపిక నాకు ఎప్పుడూ లేదు. ముంబై కామాటిపురలో, వరసగా ఒంటి గదులుండే మా చాల్ మూడో అంతస్తులో ఒక గది మాది. నీళ్లు పట్టడం, బ్లౌజులు కుట్టడం, పిల్లను బడికి పంపడం, వీటికే రోజు చాలదు. ఇక చచ్చినవాళ్ల సంగతి ఎవరికి కావాలి?

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. ఎనిమిదేళ్లయింది. నరాల మీది పొర పాడైపోయి కబుర్లు తప్పుగా చేరతాయని డాక్టరమ్మ చెప్పింది. నన్నడిగితే, నా ఒళ్లు అబద్ధాలాడుతుంది. పొడి నేల మీద నిలబడితే కాలు తడిసిందంటుంది. మెడ వంచితే వెన్నులో కరెంటు కొడుతుంది. ఒక్కోరోజు పక్కటెముకల చుట్టూ తాడు బిగించినట్టుంటుంది. ఎడమ కాలు మోకాలి కింద మాత్రం, ఆ లేని తడి తప్ప అసలేమీ చెప్పదు. చెప్పు ఊడిపోయినా వెనక్కి తిరిగి చూస్తేనే తెలుస్తుంది.

ఇక అలసట. మెట్లెక్కి వచ్చి కూర్చుంటే సూదిలో దారం ఎక్కించడానికి కూడా చేతులు లేవవు. పైకేమో గుండ్రాయిలా కనిపిస్తాను. అదే నా ఖర్మ.

మా అత్తమ్మ నమ్మలేదు. పాలమూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు ఇటుకలు మోసిన మనిషి.

"తిన్నదరగక వచ్చే రోగాలివి. మేం కడుపుతోటి ఇటుకలు మోసినం. నీకు కూసుంటే కూడా నొప్పేనా? ఏం నాటకాలే ఇవి?" అనేది.

బతుకమ్మ రోజుల్లో గదుల ముందు వరండాలో, మా గ్యాలరీలో, ఆడవాళ్లు ఒకరి కాళ్లకు ఒకరు పసుపు రాసుకుంటారు. నేను వంగలేను కాబట్టి నాకు అత్తమ్మే రాసేది. రాస్తూ రాస్తూ ఎడమ చీలమండ లోపలివైపు ఉన్నట్టుండి గోటితో గిచ్చేది. గిచ్చి నా మొహంలోకి చూసేది. ఉలిక్కిపడితే దొంగ దొరికినట్టే కదా! నాకు తెలిసేదే కాదు. అయినా, "మస్తు పండ్లు బిగబట్టినవ్ పో" అనేది.

ఎంత ఏడుపొచ్చేదో. ఒక్కసారి, ఒకే ఒక్కసారి "నిజమేనే పిల్లా" అంటే చాలనుకునేదాన్ని. ఆ మాట అనకుండానే, పసుపు కుంకుమలతో పోయింది.

సంవత్సరీకం అయ్యేదాకా మేము పండగ చేయలేదు. మొన్నటి బతుకమ్మకు పక్క గది లక్ష్మక్క పసుపు రాస్తానంది. మధ్యాహ్నం మూడింటికి గ్యాలరీలో కుర్చీ వేసుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కాళ్లు పెట్టుకున్నాను. ఉక్కకు ఒళ్లంతా నీరసించి కళ్లు మూసుకున్నాను.

ఎడమ పాదం మీద తడి తగిలింది. అది రోజూ ఉండేదే, పట్టించుకోలేదు. తర్వాత కాలివేళ్ల సందుల్లో ఎవరిదో బొటనవేలు తిరిగింది. ఆ తర్వాత చీలమండ లోపల, సరిగ్గా అదే చోట, గోరు దిగింది.

"అబ్బా, అత్తమ్మా!" అని అరిచాను.

కళ్లు తెరిస్తే ఎదురుగా ఎవరూ లేరు. లక్ష్మక్క పసుపు గిన్నెతో అప్పుడే తన గడప దాటుతోంది. మా పాప లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి "కాయ్ ఝాలం, మమ్మీ?" అని మరాఠీలో ఏమైందని అడిగింది. పాదం పొడిగానే ఉంది. చీలమండ దగ్గర మాత్రం గోరంత ఎర్రటి గాటు.

"ఎవరు గిచ్చిన్రే?" అంది లక్ష్మక్క, వంగి చూసి.

స్టూలంతా తడిమి చూశాను, గీసుకునే అంచు ఎక్కడా లేదు. తర్వాతి వారం డాక్టరమ్మ అదే చోట పిన్నుతో గుచ్చింది. ఏమీ తెలియలేదు. ఈ జబ్బులో లేని స్పర్శలు తెలుస్తాయంది. గాటు చూపిస్తే, ఎక్కడో తగిలి ఉంటుంది, నీకు తెలియదుగా అంది. అదీ సబబే.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ రోజు ఏం జరిగిందో కూడా చెప్పలేను. భయమైతే లేదు. ఉన్నదల్లా ఒకటే బాధ. ఆమె నిజంగానే వచ్చిందనుకుందాం. బతికుండగా అన్నేళ్లు గిచ్చినా కదలనిదాన్ని, ఆ ఒక్కసారి అరిచాను. "చూసినవా, నాటకాలే" అనుకునే వెళ్లిపోయి ఉంటుంది.