టరెట్ మూత

సరిహద్దు యుద్ధంలో ట్యాంకు ఫిరంగి పేల్చిన మా అన్న కాలిన చేతులతో నల్గొండకు సెలవు మీద వచ్చాడు. నేనప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాను. ఆయనకు చూపించాలని ఒక ప్లాస్టిక్ ట్యాంకు బొమ్మ టరెట్‌ను, అంటే ఫిరంగి ఉండే పైభాగాన్ని, ఆయన ట్యాంకు ఫోటో చూసి మార్చాను. దువ్వెన ముక్కలు అరగదీసి పక్కలు పెంచాను. పెన్ను రీఫిల్‌తో ఫిరంగి గొట్టం చేశాను. లోపలికి దుమ్ము పోకుండా పైమూతను గట్టిగా అంటించాను.

అన్న వాచిన వేళ్లతో ఆ మూతను లేపబోయాడు.

"గిది తెరుసుకోదారా?"

"అంటించిన అన్నా. తెరిస్తే దుమ్ము పోతది."

"మా ట్యాంకు మూత గూడ మంటల్ల గిట్లనే పట్టేసింది. నేను గుద్ది గుద్ది ఎల్లిన. కింద ఇద్దరు కాలుతనే ఉన్నరు."

నేను మాట్లాడేలోపే రోటి పొత్రం ఎత్తి టరెట్ మీద వేశాడు. ముక్కలు గోడకు కొట్టుకున్నాయి. మళ్లీ ఎత్తబోతే అడ్డుపడ్డాను; చేత్తో నా చెంప పగలగొట్టాడు. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

కాసేపటికి ఆయనే కింద కూర్చుని ముక్కలు ఏరాడు.

"మల్ల చెయ్యి. మూత తెరుసుకోవాలె."

ఈసారి గుండుసూదిని ఇరుసుగా పెట్టాను. అన్న మూత తెరిచి, మూయకుండానే దాన్ని గూట్లో పెట్టాడు. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ మూయలేదు.