మాటకి మెత్తబడే దుంప

మా తాతయ్యకి ఒకే ఒక్క పిచ్చి. మనిషి మాట్లాడితే బంగాళాదుంప వేపుడు మెత్తబడిపోతుందని ఆయన నమ్మకం. మిగతా విషయాల్లో ఆయన బంగారం. దారినపోయేవాణ్ణి పిలిచి గొడుగిచ్చేవాడు, ఆ గొడుగు తిరిగి రాకపోతే వర్షం ఇంకా తగ్గలేదేమో అనుకునేవాడు. కానీ ఆయన వేపుడు ముందు కూర్చుని ఎవరైనా నోరు తెరిస్తే మాత్రం, చేతిలో అట్లకాడతో వంటగదిలోంచి ఊడిపడేవాడు.

బస్సు డిపో ఎదుటి సందులో ఉండేది ఆయన భోజనశాల. ఊగే బల్లలు, ఊగకుండా కాళ్ల కింద పెట్టిన అట్టముక్కలు, పొగకి గోధుమరంగు తిరిగిన గోడలు. తలుపు పక్కన ఎత్తు స్టూలు మీద అమ్మమ్మ కూర్చుని, వచ్చినవాళ్లకి ఏం కావాలో కనుక్కుని, వంటగది కిటికీలోంచి తాతయ్యకి కబురందించేది. రొట్టె తిన్నా, గుడ్డు తిన్నా, చేప తిన్నా పక్కన ఉల్లిపాయలతో వేపుడు తప్పనిసరి. నిజానికి జనం వచ్చేది ఆ పక్కదాని కోసమే. చేప ఒట్టి సాకు.

ఆ వేపుడు చేసే తీరు చూడాలి. దుంపల్ని సగం ఉడికించి, పూర్తిగా చల్లారనిచ్చి, తొక్క తీసి, బిళ్లలుగా కోసి, ఉతికిన గుడ్డ మీద పరిచి, పసిపిల్లకి ఒళ్లు తుడిచినట్టు తుడిచేవాడు. నల్లటి ఇనప పెనం బాగా కాలాక నూనె పోసి, బిళ్లల్ని ఒకదానికొకటి తగలకుండా పేర్చి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. కదపడు. మూత పెట్టడు. అడుగు ఎర్రబడి, బిళ్ల తనంతట తను పెనాన్ని వదిలాకే తిరగేస్తాడు. ఉల్లిపాయల్ని ఇంకో పెనంలో, సన్నసెగ మీద, తేనెరంగు తిరిగేదాకా వేయించి, ఆఖర్న రెండింటికీ పెళ్లి చేస్తాడు. ఉప్పు అక్షింతల్లాగా చివర్లో పడుతుంది.

ఇంతవరకూ మంచి వంటవాడెవడైనా చేసేదే. పళ్లెం బల్ల మీదికి వచ్చాకే పిచ్చి మొదలయ్యేది.

"వేపుడికి శత్రువు ఏది? తడి. మాటలో ఏముంటుంది? ఆవిరి. అందుకని నోరు మూసుకుని తినండి" అనేవాడు.

కళ్లజోళ్ల షాపాయన ఒకసారి వాదనకి దిగాడు. "మాటకి ఆవిరేంటి పెద్దాయనా, నవ్విపోతారు!" అన్నాడు. తాతయ్య వంగి, ఆయన కళ్లజోడు మీద "హా" అని ఊదాడు. అద్దాలు రెండూ తెల్లగా మసకబారాయి.

"ఏమైంది?"

"ఏం కనిపించట్లేదు."

"మీ మాటలకి నా దుంపల గతీ అదే."

అద్దాలు తుడుచుకునేసరికి షాపాయన పళ్లెంలో ఇంకో గరిటెడు వేపుడు పడి ఉంది. దాంతో ఆయన కూడా ఆ మతంలో కలిసిపోయాడు. పైగా కొత్తవాళ్లకి నియమాలు నేర్పడం మొదలెట్టాడు.

నోరు మూసుకుంటే మరి ఏం కావాలో చెప్పేదెలా? చేతులున్నాయిగా! చెయ్యి బల్లపరుపుగా పెడితే రొట్టె. పిడికిలి గుడ్డు. అరచెయ్యి అటూ ఇటూ ఈదితే చేప. బుగ్గ గిల్లుకుంటే దుంపలు బాగా ఎర్రగా కావాలని. కళ్లు తుడుచుకుంటే ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమని. ఒకసారి ఒక తపాలా గుమాస్తా పై అధికారి చేత చీవాట్లు తిని, ఒక మూల కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. అమ్మమ్మ ఆయన ముందు ఉల్లిపాయల కొండ తెచ్చి పెట్టింది. ఆయన మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. ఇంకో కొండ వచ్చింది. మూడో కొండ రాబోతుంటే ఏడుపు మానేసి రెండు చేతులూ జోడించాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు, అదీ చప్పుడు చెయ్యకుండా. ఆయన ముక్కుపుటాలు ఎలా అదిరాయో అమ్మమ్మ చేసి చూపించేది.

ఈ మౌన సామ్రాజ్యానికి వారసురాలు మా పిన్ని. దేవుడికి హాస్యం ఎక్కువ. పిన్ని నోరు నిద్రలో కూడా మూతపడదు. వేరే ఊళ్లో టెలిఫోను ఆఫీసులో పనిచేసి, అది మూతపడ్డాక ఇంటికొచ్చి భోజనశాల పని అందుకుంది. పొద్దున్న ఉల్లిపాయలు ఒలుస్తూ మొదలెడితే తలుపులు తెరిచేదాకా అమ్మమ్మతో ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. అమ్మమ్మ తల ఊపి నవ్వేది. జవాబు రాలేదని పిన్నికి ఏనాడూ లోటనిపించలేదు. జవాబుకి పిన్ని ఏనాడూ చోటిచ్చింది కాదు మరి.

అలా ఉండగా ఎదురుగా కొత్త హోటలు వెలిసింది. బల్లలకి అద్దాలు, గోడకి రేడియో, పాటలు, కేకలు. మా బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆ సమయంలోనే డిపో మేనేజరు పిన్నిని పిలిచి ఒక మాట చెప్పాడు. తన డ్రైవర్లందరికీ మధ్యాహ్నం భోజనం ఇక్కడే పెట్టిస్తాడట. కానీ వాళ్లని మాట్లాడుకోనివ్వాలి. "మూగనోముకి నా మనుషుల్ని పంపలేనమ్మా" అన్నాడు.

పిన్ని నేరుగా వంటగదిలోకి వెళ్లింది.

"నాన్నా, ఆ పిచ్చి ఇక కట్టిపెట్టు."

"ఏ పిచ్చి?"

"ఎన్నున్నాయేంటి? డిపో భోజనాలు రాకపోతే మన పొయ్యి ఆరిపోతుంది. వాళ్లు మాట్లాడతారు. నువ్వు ఊరుకుంటావు."

"దుంపలు మెత్తబడతాయే."

"మెత్తబడితే పళ్లు లేనివాళ్లు దీవిస్తారు!"

తాతయ్య పెనం మీది బిళ్లల్ని ఒక్కొక్కటే తిరగేశాడు. తర్వాత, "సరే, ఒక రోజు చూద్దాం. కానీ ఆ రోజు మీ అమ్మని మీ అక్క ఇంటికి పంపిద్దాం. పాపం, ఊరికే అలిసిపోతోంది" అన్నాడు.

ఆ మాటే హాల్లోకి వచ్చి, అమ్మమ్మ ముందు నిలబడి ఆవిడతోనూ అన్నాడు. అమ్మమ్మ ఆయన పెదాల వైపు చూసి, స్టూలు రెండు చేతులా పట్టుకుంది. "నేను ఎక్కడికీ వెళ్లను. వచ్చే మొహం, పోయే మొహం చూడకపోతే నాకు ముద్ద దిగదు. నన్ను ఈ స్టూలు మీంచి దింపితే మంచం మీద పడుకోబెట్టినట్టే" అంది.

తాతయ్య మళ్లీ పెనం దగ్గరికి వెళ్లిపోయాడు.

డ్రైవర్లొచ్చారు. ఒక్కసారిగా హాలంతా గోల. సంతోషం పట్టలేక పిన్ని తనూ నాలుగు మాటలు కలిపింది. అమ్మమ్మ చీర కొంగు దోపుకుని, నవ్వు మొహంతో బల్లల మధ్యకి వెళ్లింది.

"అమ్మా, ఉప్పు!" అన్నాడొకడు.

"నిప్పా? బయటికెళ్లి కాల్చుకో నాయనా."

అందరూ ఘొల్లుమన్నారు. పక్కవాడు పళ్లెం చూపించి, "కాస్త వేడిగా తెస్తావా పెద్దమ్మా?" అన్నాడు.

"ఓ, వాడిగానే ఉంది బాబూ, నిన్ననే పదును పెట్టించాం" అంటూ అమ్మమ్మ కత్తి తెచ్చి చేతికిచ్చింది.

అప్పుడూ నవ్వారు. కానీ చేప వద్దన్నవాడికి చేప వచ్చింది, చేప అడిగినవాడికి గుడ్డు వచ్చింది, ఏమీ అడగనివాడికి రెండూ వచ్చాయి. నవ్వులు తగ్గి గొణుగుళ్లు మొదలయ్యాయి. బస్సుకి టైమైపోతోందని ఒక కుర్ర డ్రైవరు లేచి నిలబడి, "ముసలావిడకి చెవుడా ఏంటి? ఎన్నిసార్లు చెప్పాలి!" అని అరిచాడు.

అమ్మమ్మ మాత్రం వాడి వైపు నవ్వుతూనే చూస్తోంది, వాడు మెచ్చుకున్నాడనుకుని.

పిన్ని చేతిలో పళ్లాలు అలాగే ఆగిపోయాయి. అంతలో వంటగదిలోంచి తాతయ్య ఊడిపడ్డాడు.

"ఎవరికయ్యా చెవుడు? తప్పు నాది. అన్నీ తారుమారు చేసింది నేను. మీ మాటల తడికి దుంపలు మెత్తబడ్డాయి, దుంపల్ని చూసి నా బుర్ర మెత్తబడింది. ఏ పళ్లెం ఎవరిదో నాకే తెలీలేదు" అంటూ, వాడి పళ్లెం తనే తీసుకెళ్లి, కొత్తది తెచ్చి పెట్టాడు. తర్వాత అమ్మమ్మ ఎదురుగా వచ్చి నిలబడి, చెయ్యి బల్లపరుపుగా పెట్టాడు. అమ్మమ్మ తల ఊపి, రొట్టె తేవడానికి చకచకా వెళ్లింది. ఒక్క తప్పు లేకుండా.

అది చూశాక పిన్నికి అంతా అర్థమైంది.

జనం వెళ్లిపోయాక వంటగదిలోకి వెళ్లింది. తాతయ్య పెనం తోముతున్నాడు.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"ఇనప పెనం సబ్బు పెట్టి తోమకూడదమ్మాయ్, ఉప్పు పెట్టి..."

"నాన్నా!"

తోమడం ఆగింది. "మీ అమ్మకి ఆ పాడు జ్వరం వచ్చి తగ్గిందే, అప్పట్నుంచి. నువ్వప్పుడు ఊళ్లో లేవు."

"నాతో చెప్పలేదేం?"

"ఆవిడ నాతోనే చెప్పలేదు. దాచుకుంటోంది. దాచుకున్నదాన్ని నేనెలా బయటపెడతాను? తెలిసిందంటే నలుగురూ జాలిపడతారు, ఆవిడే సిగ్గుపడి స్టూలు దిగిపోతుంది." అని పెనం ఎత్తి వెలుతురులో చూసుకున్నాడు. "అందుకే ఊళ్లో వాళ్ల నోళ్లు మూయించాల్సొచ్చింది. ఊరికే మూయమంటే మూస్తారా? పిచ్చివాడు మూయమంటే సరదాగా మూస్తారు."

"అయితే దుంపలు నిజంగా..."

"రాయిలాంటి దుంపలే అవి! నువ్వు మీద కూర్చుని ఉపన్యాసం ఇచ్చినా మెత్తబడవు."

పిన్ని బయటికొచ్చింది. పెరట్లో గిన్నెలు ఆరబెడుతున్న అమ్మమ్మ, అటూ ఇటూ చూసి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీకో మాట చెప్తాను, ఆయనకి చెప్పకేం. నాకు చెవులు కాస్త మందగించాయే. మీ నాన్న పిచ్చి పుణ్యమా అని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఇవాళే కొంచెం తడబడ్డాను. ఆయనకి తెలిస్తే నాకోసం గట్టిగా అరవడం మొదలెడతాడు. అసలే దుంపలంటే అంత బెంగ ఆ మనిషికి."

పిన్ని పరిస్థితి ఊహించండి. కడుపులో ఒక్క రహస్యం కూడా పూట గడిచేదాకా నిలవని మనిషి. అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి, రెండు రహస్యాలు వచ్చి పడ్డాయి. ఆ రాత్రి అన్నం తినలేదు. నోరు తెరిస్తే ఏది బయటపడుతుందోనని భయం.

మర్నాడు డిపో మేనేజరు వచ్చాడు. వెనకాల ఆ కుర్ర డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు.

"వేపుడు అమోఘం. వడ్డనే కాస్త..." అంటూ మేనేజరు అమ్మమ్మ వైపు చూశాడు. "ఆ పెద్దావిణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి, ఎవరైనా చురుకైనవాణ్ణి పెట్టుకోండి. రోజూ పంపిస్తాను."

పిన్ని ఖాళీ బల్లల వైపు చూసింది. ఎదుటి హోటల్లో రేడియో మోగుతోంది. స్టూలు మీద అమ్మమ్మ కొంగు సర్దుకుంటూ మేనేజరుకి నవ్వు మొహం చూపించి, ఏం కావాలో చేత్తో చెప్పమని సైగ చేస్తోంది.

"మీవాళ్లు ఎంతమందైనా రావచ్చండీ. కాకపోతే నోళ్లు మూసుకుని రావాలి" అంది పిన్ని.

"నువ్వు కూడానా! దుంపలు మెత్తబడతాయని నువ్వూ నమ్ముతున్నావా?"

"దుంపల సంగతి నాన్న చెప్పారు. ఉల్లిపాయల సంగతి ఎవరూ చెప్పలేదా మీకు? అవి మాటలు వింటాయండీ. పొర మీద పొర, ఎన్నైనా దాచుకుంటాయి. విన్నదంతా కడుపులోకి వెళ్లాక మళ్లీ అప్పజెప్తాయి. తిన్నాక పొట్టలో గుడగుడలు ఏమిటనుకుంటున్నారు?"

మేనేజరు చెయ్యి తనకి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది.

"సార్" అన్నాడు వెనకనుంచి కుర్ర డ్రైవరు. "నేను మాట్లాడకుండానే తింటాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హారన్లు, బెల్లులు, ప్రయాణికుల తిట్లు. ఆ ఎదుటి రేడియో ఇంకోటి. ఇక్కడైనా చెవులు కాస్త పడుకుంటాయి. మనవాళ్లు కూడా అదే అనుకుంటున్నారు, మీతో చెప్పడానికి మొహమాటపడ్డారంతే." అని అమ్మమ్మ ఎదురుగా వెళ్లి, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. దానికి ఏం తేవాలో అమ్మమ్మకి తెలీలేదు. కాస్త ఆలోచించి, అన్నీ తెచ్చింది.

మేనేజరు నిట్టూర్చాడు. "సరే, రేపట్నుంచి పంపిస్తా. కానీ నా పళ్లెంలో ఉల్లిపాయ వెయ్యకండి. నా కడుపులో చాలా ఆఫీసు విషయాలున్నాయి."

ఆయన వెళ్లాక కిటికీలోంచి తాతయ్య తల బయటికొచ్చింది. ఎంతో గంభీరంగా పిన్నిని అడిగాడు:

"ఉల్లిపాయలు వినడమేంటే? ఇదెక్కడి పిచ్చి?"

"నాన్న పోలిక" అంది పిన్ని.

తాతయ్య నవ్వాపుకోలేక కిటికీ కింద కూర్చుండిపోయాడు. పిన్ని బల్ల మీద తల పెట్టి నవ్వింది. ఏమన్నారో ఒక్క ముక్క వినబడకపోయినా, స్టూలు మీద అమ్మమ్మ వాళ్లిద్దరికంటే ఎక్కువ నవ్వింది.