వరస తప్పిన గోడ

కామారెడ్డి బజారులో భీమేష్‌తో కలిసి నడవడం పెద్ద తలనొప్పి. పది అడుగులకోసారి ఆగుతాడు, ఏదో ఒక ఫ్లెక్సీని కొరకొరా చూస్తాడు, మూతి ముడుస్తాడు.

"థూ! శుభాకాంక్షలల్ల భకు ఒత్తు లేదు. మనుషులేనా వీళ్లు?" అంటాడు.

"ఆ శుభాకాంక్షలు నీకు గాదు తియ్యి, నడువు," అంటుంది భార్య సాయిలత, కూరగాయల సంచి చేయి మార్చుకుంటూ.

ఫ్లెక్సీలు వచ్చి తన పొట్ట కొట్టాయన్న కోపం అందులో సగం ఉందేమో. మిగతా సగం మాత్రం అసలైన రోత. ఇరవై ఆరేళ్లుగా కుంచె పట్టి దుకాణాల బోర్డులు, ట్రాక్టర్ల వెనక పేర్లు, చర్చి గోడల మీద వాక్యాలు రాశాడు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూరులో తనకు రాని మరాఠీ బోర్డును కూడా నలుగురిని అడిగి, అక్షరం పొల్లుపోకుండా రాశాడు. భీమేష్ రాతలో తప్పు పడిందని ఇంతవరకు ఎవ్వరూ అనలేదు. అతను గొప్పగా చెప్పుకునేది అదొక్కటే. ఏ గోడ కిందనైనా "భీమేష్ ఆర్ట్స్, కామారెడ్డి" అని రాసేది ఆ ధైర్యంతోనే.

బోర్డుల పని తగ్గాక బడి గోడలే దిక్కయ్యాయి. ఆ పనులన్నీ మార్కండేయ అనే కాంట్రాక్టరు చేతిలో ఉంటాయి. మొన్న వేసవి సెలవులు అయిపోగానే అతను భీమేష్‌ను ఎల్లారెడ్డి అవతల ఒక ఊరి హైస్కూలుకు పంపాడు. వరండా గోడ మీద మూలకాల పట్టిక వేయాలి. నూట పద్దెనిమిది గళ్లు. ఇది బాగా కుదిరితే ఇంకో ఏడు బళ్ల గోడలు కూడా భీమేష్‌వేనన్నాడు.

పదో తరగతిలో భీమేష్ తప్పింది సైన్సులోనే. పుస్తకంలోని పట్టిక చూడగానే అతనికి చిరాకేసింది. పైన ఈ కొసకొక గడి, ఆ కొసకొక గడి, మధ్యలో అంతా ఖాళీ. కింద విడిగా రెండు వరసలు.

"గిదేం పట్టిక మేడం? పండ్లు ఊడిన నోరు లెక్కున్నది," అన్నాడు.

సైన్సు టీచర్ మహేశ్వరి నవ్వింది. పదో తరగతి పిల్లల్ని వరండాలోకి పిలిచి, గాజు గిన్నెలో నీళ్లు పోసి, కిరసనాయిలు సీసాలోంచి సోడియం తీసి గోరంత ముక్క కోసి అందులో వేసింది. అది సుయ్యిమంటూ నీళ్ల మీద పరుగులు పెట్టింది. పిల్లలు కేకలేశారు. భీమేష్ కుంచె పట్టుకుని నిలబడిపోయాడు.

"అడ్డంగ పోతే నంబరు పెరుగుతది భీమేషన్నా. నిలువుగ చూస్తే వరస కలుస్తది. ఒక నిలువు గీతల ఉన్నోళ్లంత ఒక్క ఇంటోళ్లు. సోడియం కింద పొటాషియం ఉన్నది సూడు, అది దీని తమ్ముడు. నీళ్లల్ల ఏస్తే ఇంకింత ఎగురుతది. హైడ్రోజన్ ఒక్కటే ఆ ఇంట్ల కిరాయికి ఉన్నట్టు. వరస తప్పొద్దనే నడుమ ఖాళీలు ఇడిచిపెట్టిండ్రు."

వరస! సైన్సులో అతనికి మొదటిసారి అర్థమైన మాట అది. ఎవరికి ఎవరు ఏమవుతారో తెలియకుండా పెళ్లిపత్రిక రాయలేం, ఇదీ అంతే అనుకున్నాడు. ఆ రెండు రోజులు పని చేస్తున్నట్టే అనిపించలేదు. దారం పట్టి పద్దెనిమిది నిలువు గీతలు కొట్టాడు, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు అనుకున్నాడు.

మూడో రోజు మహేశ్వరి ట్రైనింగుకు కామారెడ్డి వెళ్లింది. అదే రోజు మార్కండేయ బడికి వచ్చాడు.

"ఏందన్నా, సగం గోడ ఖాళీ ఇడిచినవ్? ఫోటోల జూస్తే పని కానట్టే కొడ్తది. గవన్నీ తీసెయ్యి. ఒకటి నుంచి నూటపద్దెనిమిది దాంక పదిపది చొప్పున రాయి, ఎక్కాల లెక్క. నిండుగుంటది."

"అట్ల రాస్తే సోడియం కింద పొటాషియం రాదు సాబ్. వావివరస తప్పుతది."

మార్కండేయ పడీపడీ నవ్వాడు. "గోడకు వావివరసలేందే? అన్నీ ఉన్నయా లేవా? గంతే."

హెడ్మాస్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ, అన్నీ ఉంటే చాలు, సోమవారం గోడ ప్రారంభానికి విద్యాశాఖ ఆఫీసరు గారు వస్తున్నారు అన్నాడు. పుస్తకం తెరిచి చూసే ఓపిక కూడా ఆయనకు లేదు. భీమేష్‌కు ఇద్దరి మొహాన ఉమ్మేయాలనిపించింది. కానీ ఏడు బళ్లు కళ్ల ముందు మెదిలాయి. గీతలు చెరిపాడు.

పదిపది చొప్పున రాశాడు. సోడియం కింద స్కాండియం వచ్చింది. ఫ్లోరిన్ కింద పొటాషియం వచ్చింది. ఎవ్వరితోనూ కలవని నియాన్ కింద కాల్షియం కూర్చుంది. ఎవరి ఇంట్లో ఎవరున్నారో తెలియని సంత. అయినా చేయి మాత్రం అలవాటు తప్పలేదు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. కింద పేరు కూడా రాశాడు.

సోమవారం పటాలకు పూలదండలు వేశారు. ఆఫీసరు గారు రిబ్బను కత్తిరించి, పదో తరగతి వినీతను ముందుకు పిలిచారు. ఆమె కూలికి పోయే సాలవ్వ బిడ్డ, ఆ తరగతిలో సైన్సంటే ప్రాణం పెట్టే పిల్ల.

"సోడియం లాగే నీళ్లలో చిందులేసేది ఇంకొకటి చెప్పమ్మా."

వినీత గోడ దగ్గరికి వెళ్లి, సోడియం మీద వేలు పెట్టి, కిందికి జరిపింది. "స్కాండియం సార్!"

ఆఫీసరు గారు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు కొట్టాడు. మార్కండేయ ఫోనులో వీడియో తీశాడు. తెలియనితనం అంత గట్టిగా మోగడం భీమేష్ ఎన్నడూ వినలేదు.

ట్రైనింగు నుంచి అప్పుడే వచ్చిన మహేశ్వరి గోడను చూసి మొహం చిట్లించింది. "పొటాషియం గద బిడ్డా. స్కాండియం గట్ల చెయ్యదు. బుక్కు సూడలేదా?"

వినీత బిక్కమొహం వేసింది. "మీరే చెప్పిండ్రు గద మేడం, నిలువుగ కిందున్నది ఒక్క ఇంటిదే అని. బుక్కులనే తప్పు పడ్డదేమో. గోడ మీద ఇంత మంచిగ రాసినోళ్లకు తెల్వదా?"

తన రాతను ఎవరో పొగడగానే భీమేష్ ఛాతీ పొంగాలి. ఈసారి నోట్లో చేదు ఊరింది. ఆ పిల్ల నేర్చుకున్నదాంట్లో తప్పేమీ లేదు. వేలు జరిపిన తీరు కూడా సరైనదే. పాడయింది గోడ.

తెల్లరంగు డబ్బా మూత తీసి, రోలరు ముంచి, హైడ్రోజన్ మీద నుంచి లాగాడు.

"అన్నా! పిచ్చిలేసిందా?" అని మార్కండేయ అరిచాడు. "ఆ ఏడు బళ్లు మర్చిపో ఇగ!"

భీమేష్ ఆగలేదు. రెండో వరస మీద రోలరు ఆడిస్తుంటే వినీత పరుగున వచ్చి అతని చేయి పట్టుకుంది.

"ఎందుకు చెడగొడుతున్నవ్ అంకుల్? మంచిగున్నది గద!"

"తప్పు రాసిన బిడ్డా," అన్నాడు భీమేష్. పిల్ల ఇంకా చేయి వదల్లేదు. "తెల్వక కాదు. తెలిసే రాసిన."