రోడ్డు వెడల్పులో పోయిన గేటు స్తంభాలు

మా ముత్తాత పద్నాలుగు ఊళ్ళ శిస్తు వసూలు చేసే ముఠాదారు. తాత జిల్లా బోర్డు సభ్యుడు. మా తాలూకాలో ఏ రోడ్డుకు ముందు కంకర పోయాలో ఆయనే చెప్పేవాడట. నాన్న నాటికి పొలాలన్నీ పోయి, పెద్దింటివాళ్ళమన్న పేరు మిగిలింది. ఒకరి గుమ్మం ముందు నిలబడి ఏదీ అడగకూడదని నాన్న నాకు నేర్పాడు. అమెరికాలో, అల్ఫారెట్టాకు ఉత్తరాన, రెండు చిన్న ఊళ్ళను కలిపే హైవేని నాలుగు లేన్లు చేస్తున్నప్పుడు నాకు దొరికిన ఉద్యోగం సరిగ్గా అదే. రోడ్డు పక్క ఇళ్ళకు వెళ్ళి, ముందున్న స్థలంలో కొంత వదులుకోమని అడిగి, సంతకాలు తేవాలి.

ఒక ముసలాయన మాత్రం సంతకం పెట్టలేదు. ఆయన తాత కట్టించిన రెండు ఇటుక స్తంభాలు, వాటి మధ్య ఇనుప గేటు రోడ్డు పక్క కొత్త వాన నీటి కాలువ పడే చోటే ఉన్నాయి. చుట్టూ కొత్త ఇళ్ళు లేచిన నేలంతా ఒకప్పుడు వాళ్ళ పశువులు మేసిందేనట. సంతకం చేయకపోతే విషయం కోర్టుకు వెళ్తుంది, స్థలం ఎలాగూ పోతుంది. స్తంభాలను మెషిన్ ఒక్క పూటలో పడగొడుతుంది.

మూడోసారి వెళ్ళినప్పుడు, కాలువ డిజైన్ చేసిన వరంగల్ అమ్మాయిని వెంట తీసుకెళ్ళాను. వరండా మెట్లెక్కి అలవాటుగా బూట్లు విప్పాను.

"బూట్లెందుకు తీశావు? నిన్ను లోపలికి రమ్మనలేదే" అన్నాడు ముసలాయన.

"మాకు వరండా కూడా ఇల్లే" అన్నాను.

నా సాక్సుల వంక కాసేపు చూసి, కాలితో ఒక కుర్చీ నా వైపు నెట్టాడు. అంతకుముందు రెండుసార్లూ నిలబెట్టే పంపాడు.

కాలువ కాస్త జరపవచ్చా అని ఆ అమ్మాయిని తెలుగులో అడిగాను.

"షిఫ్ట్ చేస్తే వాన నీళ్ళన్నీ ఎదురిళ్ళ బేస్‌మెంట్‌లల్లకు పోతయ్ సార్. రెండుసార్లు చెక్ చేసిన. దొరలు దొరలు ఒక్కటైతే నీళ్ళు ఆగుతయా?"

మా ముఠాదారీ సంగతి దారిలో నేనే ఆమెకు చెప్పాను. కాలువ జరగదని ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గేటు స్తంభాల వైపు చూశాడు.

"అయితే నేనే తీస్తాను. మీ మెషిన్ వాటిని ముట్టుకోకూడదు. రెండు వారాలు కావాలి."

ఆ గడువు ఇచ్చే అధికారం నాకు లేదు. కాంట్రాక్టరు కోసం ఆయన సైట్ ఆఫీసు బయట అరగంట నిలబడ్డాను.

"ఒక్క గేటుకు రెండు వారాలా?" అని నవ్వాడాయన.

"పని అవతలి చివర నుంచి మొదలుపెడితే మీకు ఆలస్యం కాదు. దయచేసి ఒప్పుకోండి" అన్నాను. అంతవరకు ఎవరితోనూ నేను 'దయచేసి' అనలేదు. ఆయన ప్లాన్ అటూ ఇటూ తిప్పి చూసి, సరేనన్నాడు.

మర్నాడు ముసలాయన సంతకం చేశాడు. అటుగా కారులో వెళ్ళినప్పుడల్లా చిన్న సుత్తితో ఇటుకలకు అంటిన సున్నం గీకుతూ కనిపించేవాడు. ఒక శనివారం నేనూ వెళ్ళాను. చేతి తొడుగులు ఇచ్చి, "పైనుంచి తియ్యి" అన్నాడు. సాయంత్రం దాకా ఇద్దరం ఇటుకలు దించాం.

కాలువ తవ్వడానికి రెండు రోజుల ముందు, గేటునూ పగలని ఇటుకలనూ పాత ఇళ్ళ సామాను కొనే వ్యాపారికి ఆయన అమ్మేశాడు. "ఎవరో ఒకరి గుమ్మం ముందు మళ్ళీ నిలబడతాయిలే" అన్నాడు.