ఖాళీ గళ్లు

ఆఫీస్ పని మీద హెర్న్‌డన్ నుంచి శాంటా క్లారా వెళ్లినప్పుడు, హోటల్ పక్కనున్న చైనీస్ డీవీడీ షాపులో ఒక సినిమా తీసుకున్నాను. వందల ఏళ్ల నాటి చైనా శృంగార నవలను ఈమధ్యే సినిమాగా తీశారట. ముప్పై ఏళ్లొచ్చినా, అట్ట మీది బొమ్మ కనబడకుండా కౌంటర్ మీద బోర్లించి పెట్టాను.

షాపు నడిపే పెద్దావిడ దాన్ని తిప్పి చూసి, "నవల చదివారా?" అని ఇంగ్లిష్‌లో అడిగారు. లేదన్నాను.

"మా ఇంట్లో ఉండేది. పచ్చి శృంగారం ఉన్నచోటల్లా అక్షరాలు తీసేసి ఖాళీ గళ్లు అచ్చువేశారు. నేను మిగిలిందే చదివాను. వంటలు, బట్టలు, సవతుల పోట్లాటలు, ఒక పసివాడి చావు. ఆ చావుకి చాలా ఏడ్చాను."

డీవీడీ కవర్లో పెట్టి ఇస్తూ అన్నారు. "సినిమావాళ్లు ఆ గళ్లు మాత్రం నింపారు. మిగిలిందంతా తీసేశారు."

నాకు మా కాలేజీ లైబ్రరీలోని పాత ప్రబంధం గుర్తొచ్చింది. అందులోనూ కొన్ని పద్యాలకు బదులు చుక్కలుండేవి. ఆ పద్యాలు ఎవరో సంపాదించి నోట్‌బుక్‌లో రాస్తే హాస్టలంతా చదివాం. అవి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఆ ప్రబంధం కథేమిటో మాత్రం తెలియదు.